స్టీరింగ్ విప్పిన మధ్యాహ్నం

ఇలా కూర్చుని రాయడం నాకు ఇదే మొదలు. చదివింది అయిదో తరగతి. ముప్పై ఏళ్లుగా కార్ల కింద పడుకునే పని. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతాను.

రావులపాలెం దగ్గర కాలువ గట్టు రోడ్డు మీద మా షెడ్డు. పోయిన ఏడాది కాలువలకు నీళ్లు వదిలిన రోజుల్లో ఒక రిటైరైన మాస్టారు తన పాత కారు తెచ్చారు. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండే కాలం నాటి బండి. కొని రెండు నెలలే అయింది. ఆయన భార్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక బస్సు ఎక్కలేకపోతున్నారు, ఆటోలో కాలు మడవలేకపోతున్నారు. ముందు సీటు సోఫాలా ఉందని ఈ కారు కొన్నారు. ఆదివారం పెనుగొండలో ఆవిడ అక్కగారింటికి వెళ్లాలి. దారిలో చాలా దూరం ఒక పక్క కాలువే.

స్టీరింగ్ ఎడమకి తిప్పితే టక్కుమంటోందన్నారు మాస్టారు. లోపలి రింగులాంటి బుష్ అరిగి ఉంటుందిలే అనుకున్నాను.

స్టీరింగ్ కాలమ్ అంటే చక్రం నుంచి కిందికి దిగే పొడుగాటి గొట్టం. దాని లోపల ఒక రాడ్డు. చక్రం తిప్పితే రాడ్డు తిరుగుతుంది, దాంతో ముందు టైర్లు తిరుగుతాయి. ఆ రాడ్డు విరిగితే చక్రం ఉత్తినే తిరుగుతుంది. బండి ఎటు పోవాలనుకుంటే అటు పోతుంది.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. ఆవిడ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నారు. బ్యాటరీ వైరు తీశాను. హారన్ బటన్ ఊడదీసి, లోపలి నట్టు విప్పి, పుల్లర్ వేసి చక్రం లాగాను. గేరు రాడ్లు తప్పించాను. డ్యాష్‌బోర్డు కింద రెండు బోల్టులు, అడుగున క్లాంపు బోల్టు ఒకటి. అవీ వచ్చాయి. కాలమ్ మాత్రం కదల్లేదు. ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టుంది. మాస్టారు పైనుంచి లాగారు, నేను కింద నుంచి నెట్టాను. ఒక్కసారిగా ఊడి వచ్చింది.

దాని అడుగున నల్లగా జుట్టు చుట్టుకుని ఉంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఎలక గూడండీ," అన్నారు.

ఆవిడ కుర్చీలోంచే మెడ చాచి చూశారు. "ఎలకలు కాలువలో దిగి గుర్రపుడెక్క పీక్కొచ్చాయా అండీ? అవి దాని వేళ్లు. మీకు పుస్తకాల్లో బొమ్మ వేస్తే గానీ తెలీదు."

చేత్తో నలిపి చూశాను. ఆవిడ చెప్పిందే నిజం. కాలమ్ వంచితే గొట్టంలోంచి బూడిద రంగు మట్టి జారింది. ఒండ్రు మట్టి. పిండిలా ఎండిపోయింది. ఎండినా కాలువ వాసన పోలేదు. దాని వెంట చిన్న నత్తగుల్ల ఒకటి సిమెంటు మీద పడి దొర్లింది.

ఈ కారు ఎప్పుడో కాలువలో మునిగింది. పూర్తిగా, చాలాసేపు.

రాడ్డు బయటికి లాగాను. పైన బొటనవేలంత లావుంది. అడుగున తుప్పు పొరలు పొరలుగా రాలి చిటికెనవేలంతే మిగిలింది. గోటికి తగిలేలా చుట్టూ ఒక బీట.

"మీరే కదండీ చూసి బంగారంలాంటి బండన్నారు," అన్నారు మాస్టారు నెమ్మదిగా.

ఆ మాట నిజం. కొనేముందు నా దగ్గరికే తెచ్చారు. ఇంజన్ చప్పుడు విని, డోర్లు వేసి తీసి, బాగుందన్నాను. కింద దూరి చూడలేదు. ఆ పూట వేరే పని తొందరలో ఉన్నాను.

"ఇంజన్ విని చెప్పానండీ. కింద చూళ్లేదు. తప్పు నాదే."

 "సరే, వెల్డింగ్ పెట్టి బిగించెయ్యండి. ఆదివారం వెళ్లొచ్చాక వేరేది చూద్దాం," అన్నారు మాస్టారు.

"వెల్డింగ్ చేసేది కాదండీ ఇది."

"మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారు. ఆవిడ ఆర్నెల్లైంది అక్కగారిని చూసి." రాడ్డు తీసుకుని గోనెసంచిలో చుట్టడం మొదలుపెట్టారు.

చేసేవాళ్లున్నారు. అదే నా భయం. పైన రంగేసి కొత్తదానిలా ఇస్తారు.

"ఒక్కసారి ఇటివ్వండి మాస్టారూ," అని తీసుకుని బల్ల మీది వైస్‌లో బిగించాను. ఆయన అడిగేలోపు ఇనుము కోసే యాక్సా బ్లేడు పెట్టాను. ఎవరూ అతకలేనట్టు రెండు ముక్కలు చేద్దామని. నాలుగుసార్లు లాగానో లేదో, కోత పావు వంతైనా దిగలేదు, దానంతటదే విరిగి కింద పడింది. విరిగిన చోట ఇనుము మెరవలేదు. ఎర్రటి పొడి రాలింది.

 ఆవిడే అడిగారు. "మొన్న సిద్ధాంతం దగ్గర గోదావరి బ్రిడ్జి మీద వచ్చినప్పుడు కూడా ఇది ఇలాగే ఉందా అండీ?"

"ఉందమ్మా."

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మాస్టారు కారు అమ్మినాయనకి ఫోన్ చేశారు. చెవి సరిగ్గా వినపడదని మాస్టారు ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతారు.

"నేనండీ, మీ దగ్గర కారు కొన్న మాస్టార్ని."

 "బాగున్నారా మాస్టారూ," అన్నాడు అవతలాయన. ఆగి, "స్టీరింగేమన్నా విప్పించారా?" అన్నాడు.

 ఆవిడ కుర్చీలోంచి కొంచెం గట్టిగా అడిగారు.

"మునిగినప్పుడు ఎంతమందున్నారు బాబూ అందులో?"

అవతల కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మూడోసారికి స్విచాఫ్ అని వచ్చింది.

వాళ్లని ఇంటికి పంపడానికి రోడ్డు మీద పోతున్న ఆటోని ఆపాను. కాలు మడవలేక ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. మాస్టారూ నేనూ చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం.