రోజీనా కట్టుకున్న నీలం రిబ్బను

ఇంకా బండిదారులైనా పడని కరోలినా అడవుల్లో మొరేవియన్ శాఖ క్రైస్తవ విశ్వాసులు కట్టుకున్న ఊళ్లో పెళ్లిళ్లు కుదిర్చేది రక్షకుడే. పెద్దలు ప్రార్థన చేసి గిన్నెలోంచి చీటీ తీసేవారు. అవునంటే పెళ్లి, కాదంటే లేదు. గుర్రాన్ని కొనేటప్పుడు మాత్రం చీటీ తీయకుండా పళ్లు చూసేవారు, అది వేరే సంగతి.

రోజీనాకూ కుమ్మరి మెల్కియోర్‌కూ "కాదు" అని వచ్చింది. పెళ్లికాని ఆడవాళ్లంతా కలిసి ఉండే కన్యల ఇంటి పెద్ద బెనీగ్న ఆ కబురు చెప్పింది.

"ఏడిస్తే ఏడువు గానీ ఎదురు చెప్పకు, అమ్మాయ్."

"ఏడవను అక్కా. రోజూ ప్రార్థనలో అడుగుతున్నా. నాతో ఆయన ఎప్పుడూ కాదనలేదు."

"నీతో మాట్లాడతాడా? పెద్ద ప్రవక్తవి బయల్దేరావు."

"మీ గిన్నెతో మాట్లాడేవాడు నాతో మాట్లాడడా?"

పెద్దల మాట కాదని పెళ్లాడితే ఊరు వదలాలి. గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకూ, చివరికి ఊరి శ్మశానానికీ దూరమవ్వాలి. అన్నీ తెలిసే, ఆ శనివారం ఏటి అవతల న్యాయాధికారి ముందు రోజీనా మెల్కియోర్‌ను పెళ్లాడింది.

ఆదివారం ఆరాధనకు వచ్చింది. టోపీకి కన్యలు కట్టే గులాబీ రంగు రిబ్బను లేదు, పెళ్లయినవాళ్లు కట్టే నీలం రిబ్బను ఉంది. వచ్చి పెళ్లయిన ఆడవాళ్లు కూర్చునే బల్ల మీదే కూర్చుంది. పాడుతున్న గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఇక్కడ నీకు చోటు లేదు" అంది బెనీగ్న.

"తెలుసక్కా. ఈ చరణం అవనీ."

ఒక్కతే చివరిదాకా పాడింది. ఆమెన్ కూడా తనే చెప్పుకుని, బయట బండి మీద కాచుకున్న మెల్కియోర్ పక్కకెక్కి కూర్చుంది.