ఇనుము కోసం ప్రార్థన

విశాఖలోని ఉక్కు మిల్లులో పనిచేసే ఒకాయన ప్రతి ఆదివారం బస్సెక్కి చోడవరంలోని మా చర్చికి వచ్చేవారు. భార్య సమాధి ఇక్కడే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. దేవుని వాక్యం వింటూనే, పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టిని వేళ్ల మధ్య పలచగా నొక్కుతుండేవారు. ఎందుకని అడిగాను.

"ఎర్రగా కాలిన ఉక్కు రోలర్ల మధ్య ఇలాగే సాగుతాదమ్మా. ఎంత సాగుతాదో, ఎక్కడ పగులుతాదో నేను కంప్యూటర్లో ముందే లెక్క కడతాను."

మా సంఘంలో ఆరాధన చివర ఎవరి మనవి వాళ్లు లేచి చెబుతారు. నేను నోటుబుక్కులో రాసుకుని ప్రార్థన చేయిస్తాను. మోకాళ్ల నొప్పి, కొడుకు ఉద్యోగం, చెరకు పంట. ఎన్నడూ నోరు విప్పని ఆయన ఒక వారం లేచారు.

"రేకు అంచులు పగులుతున్నాయి. నా లెక్కలో తప్పేటో దొరకట్లేదు. ప్రార్థన చెయ్యండి."

"ఇనుముకి కూడా పార్థనేటి బాబూ!" అంది ముందు వరసలోని ముసలమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆ మనవి రాయకుండానే పుస్తకం మూసేశాను. ఆయన కూడా నవ్వి కూర్చున్నారు.

దేవుణ్ణి అడగడానికి ఆయనకు ఆ పగులు తప్ప ఇంకేమీ మిగల్లేదని ఇంటికెళ్లాక తోచింది. సిగ్గుతో మోకరించి, ఆ మనవి నోటుబుక్కులో రాసుకున్నాను. మరుసటి ఆదివారం ఆయన మనవినే మొదట చదివాను. సంఘమంతా ఆమేన్ అంది. ఆయన రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. నేను మాత్రం ప్రతివారం మొదట అదే చదువుతున్నాను.