ఎర్ర దారం

పోలీసు చర్య రోజుల్లో బొల్లారం వదిలి చుట్టాలింటికి వెళ్తూ, మా అమ్మ మా కోడిపిల్లను పక్కింటి అవ్వకు అప్పగించింది. అవ్వ కోళ్లలో కలిసిపోకుండా అమ్మే దాని కాలికి ఎర్ర దారం కట్టింది. దారిలో తప్పిపోతే ఆనవాలుగా ఉంటుందని అదే దారం నా మణికట్టుకూ కట్టింది.

నెలల తర్వాత తిరిగొస్తే అది పుంజయింది. ఒక కాలు వాచి కుంటుతోంది. బెణికిందనుకుని అమ్మ రోజూ పసుపు ముద్ద పట్టించేది. వాపు తగ్గకపోగా వేళ్లు నల్లబడ్డాయి. పసుపు పట్టించేటప్పుడు ఆ కాలు పట్టుకున్నది నేనే. నా కళ్లు ఎక్కడున్నాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి మోండా మార్కెట్లో కోళ్లమ్మే ఆవిడకు చూపించాం. ఆమె పసుపంతా కడిగింది. వాచిన కండలోకి దిగిపోయి దారం కనబడింది.

"వాపు ఒక్క కాలికే ఉంటే మొదలు దారం చుట్టుకుందేమో సూడాలె గదమ్మా! ఇగ గీ వేళ్లు దక్కవు," అంది.

దారం తెంపడానికి ఆవిడ తీసిన కత్తెరను అమ్మ అందుకుని, ముందు నా చేతి దారం కత్తిరించింది.