మొహమాటం లేని చోట

మా పథేన్ ఊళ్లో గొడుగుల వీధి మొదట్లో, దారిన పోయేవాళ్ల కోసం రోజూ పొద్దున్నే మంచినీళ్ల కుండలు నింపే ఆవిడ డో మ్య యిన్. బుద్ధుడి ముందు పూలు పెట్టాక ఆవిడ చేసే మొదటి పని అది. ఆ తర్వాతే పెళ్లిళ్లు కుదర్చడం.

మా వాళ్లకు కాదనడం రాదు. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని కడుపు నిండినా ఇంకో గరిటె పెట్టించుకుంటాం. అలాంటి చోట పిల్ల "సరే" అంటే అది ఇష్టమో మొహమాటమో తేల్చుకోవాలి.

భిక్షువులు విహారం దాటని మూణ్ణెల్ల వర్షావాసం ముగిసి మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యాయి. గొడుగుల మీద పూలు వేసే సాన్ యికి, బడిపంతులు కో థీహాకి మాటలు నడిచాయి. ఇద్దరూ సరేనన్నారు. ఆ సాయంత్రం పంతులింట్లో ఊరవేసిన తేయాకు పళ్లెం మూత తీసి పెద్దలంతా తింటే ఇక మాట ఖాయం.

పళ్లెం పట్టుకుని వెళ్తున్న డో మ్య యిన్, చినుకులు పడితే గొడుగుల కొట్టు చూరు కింద ఆగింది. లోపల సాన్ యి గొంతు. ఎదురుగా గొడుగు పుల్లలు చెక్కే కో న్యో.

"ఇవి నువ్వే చెక్కావా, ఎలకలు కొరికాయా?"

"ముందు నీ పూలు చూసుకో. క్యాబేజీలనుకుని మేక తినేస్తుంది."

"తిననీ. నీకంటే దానికే రుచి తెలుసు. అన్నం తిన్నావా?"

"లేదు."

"నా గిన్నెలో చేపల కూరుంది, తిని ఏడు. బెల్లం ముక్క మాత్రం ముట్టుకోకు."

డో మ్య యిన్‌కి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. పంతులింట్లో ఈ పిల్లే, తనకు బొత్తిగా పడని కాకరకాయను "చాలా బాగుందండీ" అంటూ మింగింది. వెంటనే సాన్ యిని బయటికి పిలిచింది.

"అమ్మాయ్, పంతులంటే ఇష్టమేనా?"

"మంచాయన అత్తా."

"నేనడిగింది అది కాదు."

సాన్ యి కళ్లు చెమర్చాయి. "వాళ్లమ్మ ఎంత ప్రేమగా అడిగిందనీ! కాదంటే ఆవిడ మొహం ఎలా చూడను?"

"మరి కో న్యోని తిట్టేటప్పుడు వాడి మొహం చూడవే?"

"వాడి దగ్గర నాకు మొహమాటమేంటి?" అనేసి, తన మాట తనకే వినపడి చెవులదాకా ఎర్రబడింది.

పంతులింట్లో డో మ్య యిన్ మూత మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

"బాబూ, నా మీద గౌరవం కాసేపు పక్కన పెట్టి నిజం చెప్పు. నీకు ఈ పెళ్లి కావాలా?"

కో థీహా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అమ్మ ముచ్చట పడిందని..."

"నేనా?" అంది తల్లి. "డో మ్య యిన్ అంతటావిడ తెచ్చిన సంబంధం, కాదనలేక కదరా!"

"ఓరి నాయనో! ఒకళ్ల కోసం ఒకళ్లం తలలూపాం, పెళ్లి మాత్రం ఎవరికీ అక్కర్లేదు!" అంది డో మ్య యిన్.

ముందుగా నవ్వింది ఆ తల్లే. వెళ్తుంటే వానలో తడవకుండా తన గొడుగు కూడా ఇచ్చింది.

ఆ వారంలోనే కో న్యో ఇంట్లో మూత తీశారు. మొదటి ముద్దకే అతను మొహం చిట్లించాడు.

"ఉప్పెక్కువైంది అత్తా."

"నోర్మూసుకుని తిను," అంది సాన్ యి.

డో మ్య యిన్ తృప్తిగా చేతులు జోడించింది.