కుడివైపుకి లేచిన వెలుగు

చిలిలబొంబ్వే ఊళ్ళో లారీ హెడ్‌లైట్ పగిలితే అందరూ కపెంబ్వా దగ్గరికే వెళ్తారు. యాభై రెండేళ్ళ మనిషి. రాగి గనిలో పని పోయాక స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు, మళ్ళీ దించలేదు. అతని దుకాణం గోడ మీద బొగ్గుతో అడ్డంగా ఒక గీత ఉంటుంది. పొద్దు వాలగానే బండిని ఆ గోడకు ఎదురుగా నిలబెట్టి లైటు వేయిస్తాడు. ఎడమవైపు వెలుగు కాస్త పైకి లేవాలి, రోడ్డు వారన నడిచేవాళ్ళు కనపడాలి కదా. కుడివైపు మాత్రం గీత దాటకూడదు. ఎదుటి బండి వచ్చేది అటునుంచే.

సరిహద్దు దాటితే కాంగో. అక్కడ బళ్ళు ఇక్కడిలా ఎడమపక్కన కాక కుడిపక్కన నడుస్తాయి, అందుకని అక్కడి లైట్లు కుడివైపే పైకి లేస్తాయి. పాతవి చవకగా దొరుకుతాయి. అలాంటిది బిగించినప్పుడల్లా కపెంబ్వా అద్దం మీద ఆ వెలుగు పైకి లేచేచోట నల్ల టేపు అంటిస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పితే ఎప్పుడూ మరిచిపోలేదు.

ఆ ఒక్కసారి కూడా మరిచిపోవడం కాదు, టేపు అయిపోయింది. గురువారం పూట సరిహద్దుకు సరుకు మోసే ఒక లారీకి ఎడమ లైటు పగిలితే కాంగో లైటు బిగించాడు. కుడి లైటు పాతబడి పసుపెక్కి ఉంది, ఇది మాత్రం తెల్లగా మెరుస్తోంది. డ్రైవరు ఒకటే తొందర.

"కొంచెం ఆగయ్యా, టేపు తెప్పిస్తా. ఎదుటోడి కళ్ళలో కొడుతుంది."

"ఎదుటోడి కళ్ళతో నీకేం పని పెద్దాయనా? నాకు దారి కనపడుతుందా లేదా?"

"నీకు కనపడుద్దిలే. రేపొచ్చి టేపు వేయించుకుని పో."

"అట్టాగే."

రాలేదు.

శనివారం సంజెవేళ చింగోలా రోడ్డు మీద లాజరో జెరె తన మినీబస్సును, చెడిపోయి ఆగిన ఒక ట్రక్కు వెనకభాగానికి గుద్దేశాడు. ఒక రోజు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. కపెంబ్వాకు ఇరవయ్యేళ్ళ స్నేహితుడు.

లాజరో అంగోనివాడు, కపెంబ్వా బెంబావాడు. తాతల కాలంలో ఈ రెండు తెగలూ కత్తులతో పొడుచుకున్నాయి. ఇప్పుడు బావా బావా అనుకుంటూ, బెంబావాళ్ళు కోతులు తింటారని, అంగోనివాళ్ళు ఎలకలు తింటారని మాటలతో పొడుచుకుంటాయి. చావింటికి కూడా బావ వరసవాడు వచ్చి వేళాకోళం చేయాల్సిందే. చేయకపోతే పోయినవాణ్ణి చిన్నబుచ్చినట్టు.

కపెంబ్వా వెళ్ళాడు. లాజరో భార్య ఎస్నాట్ చాప మీద కూర్చుని ఉంది, చుట్టూ ఆడవాళ్ళు.

"అన్నయ్యా," అంది ఎస్నాట్, "పోయేముందు ఒకటే మాట చెప్పాడు. ఎదురొచ్చిన లారీకి ఒక లైటు పసుపంట, ఒకటి తెలుపంట. ఆ తెల్లది సూటిగా కళ్ళలోకే కొట్టిందంట. ఈయన లైట్లు ఆర్పి వెలిగించి సైగ చేసినా అది కిందికి దిగలేదంట."

కపెంబ్వా చాప పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏం బావగారూ," అంది లాజరో మేనత్త, "కోతి మాంసం గొంతుకు అడ్డం పడిందా? ఎలకలు తినేవాడు పోయాడని ఒక్క మాటైనా అనవేం?"

"అత్తా, ఆ లైటు నేనే బిగించాను," అన్నాడు కపెంబ్వా. "టేపు వేయకుండా పంపాను. మీవాణ్ణి నేనే చంపాను."

మేనత్త పకపకా నవ్వింది.

"విన్నారా? మావాణ్ణి చంపేంత చేవ బెంబావాడికి ఎక్కడినుంచి వచ్చిందో! జరిమానా కింద ఒక కోడిని తెచ్చిపెట్టు."

ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన ఆడవాళ్ళందరూ నవ్వారు.

"నిజంగానే చెప్తున్నా," అన్నాడు. ఇంకా నవ్వారు. బయట మగవాళ్ళు కూడా అందుకున్నారు.

ఎస్నాట్ నవ్వలేదు. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆ లారీ ఇంకా తిరుగుతోందా?"

"తిరుగుతూనే ఉండుంటుంది."

"మరి ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు?"

కపెంబ్వా లేచాడు. వెనక నవ్వులు ఇంకా ఆగలేదు. దారిలో నల్ల టేపు కొనుక్కుని సరిహద్దు రోడ్డెక్కాడు. అవతలికి వెళ్ళాల్సిన లారీలు మైళ్ళ పొడవునా బారులు తీరి ఉన్నాయి. చిట్టచివరి లారీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కోదాని ముందు వంగి రెండు లైట్లూ చూస్తూ నడిచాడు. డ్రైవర్లు ఏం పోగొట్టుకున్నావని అడుగుతుంటే జవాబు చెప్పకుండా తర్వాతి లారీ ముందుకు వెళ్ళాడు.