సున్నాకు దిగువన ఉన్న స్వరం

2023లో వానలు తగ్గుముఖం పడుతున్న రోజులు. వినాయక చవితి దగ్గర పడింది. బిలాస్‌పూర్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మా ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణం ఉంది. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ఈ వ్యాపారంలో స్థిరపడ్డాను. నా దగ్గరికి వచ్చేవారిలో టీవీ, ఇన్వర్టర్ మెకానిక్కులే ఎక్కువ. సొంతంగా సింథసైజర్ తయారు చేసుకుంటున్న మనిషి మాత్రం అప్పటికి ఒక్కడే తెలుసు. విద్యుత్తుతోనే తరంగాన్ని పుట్టించి, దాన్ని కావలసిన ఆకారానికి మలిచి స్పీకరుకు అందించే వాద్యం అది.

అతని పేరు సింహాచలం. మాలాగే పాత రైల్వే కుటుంబం. పగలు వ్యాపార్ విహార్ టోకు మార్కెట్‌లో లారీల వైరింగు చేస్తాడు. పండుగల్లో ధుమాల్ బృందంతో కీబోర్డు వాయిస్తాడు. లారీ మీద డ్రమ్ములు, కీబోర్డు, పెద్ద స్పీకర్లు, వాటికి ఒక జనరేటరు ఎక్కించి ఊరేగింపు ముందు వాయించుకుంటూ సాగే బృందాన్ని ఇక్కడ ధుమాల్ అంటారు. అంతకు ముందు ఏడాది వానకు అతని కీబోర్డు పాడైతే, దాని స్థానంలో ఈ సింథసైజర్‌ను ఇంట్లో కట్టుకున్నాడు.

“అన్నయ్యా, ఎనిమిది ఆప్-ఆంపులు ఇవ్వండి. ఒరిజినల్‌వి. ఆన్‌లైన్లో తెప్పించినవన్నీ డూప్లికేట్లే,” అంటూ ఒక రేకు పెట్టె కౌంటరు మీద పెట్టాడు. ఆప్-ఆంప్ అంటే చిన్న సంకేతాన్ని పెంచే ఐసీ.

“డూప్లికేటని ఎలా తెలిసింది?”

“గొంతు పట్టేసినట్టు గరగరలాడతంది. మా సాహూ భాయ్ ఏటన్నాడో తెలుసా? మిక్సీలో కంకర పోసినట్టుందట.” సాహూ వాళ్ల బృందం నాయకుడు. “నిమజ్జనం నాటికి ఇది సరిగ్గా మోగకపోతే తఖత్‌పూర్ నుంచి ఇంకో వాయిద్యగాడిని తెస్తానన్నాడు. ఆడొస్తే నేను మళ్లీ లారీ ఎక్కను. ఎక్కనివ్వరు కూడాను.”

నకిలీ ఐసీలు ఈ వ్యాపారంలో ఉన్న మాట నిజమే. అయినా కొత్తవి అమ్మేముందు పెట్టె తెరిచి పాతవాటిలో ఒకటి తీసి పరీక్షించాను. అది నిక్షేపంగా ఉంది.

“ఐసీలు మంచివే, సింహాచలం.”

“మరేటి రోగం?”

ఐసీని తిరిగి బిగించి, పెట్టెను ఆసిలోస్కోప్‌కు కలిపాను. విద్యుత్ తరంగాన్ని తెర మీద గీతగా చూపించే పరికరమది. నడిమి గీతకు పైన తరంగం గుండ్రంగా కనిపించింది. గీతకు దిగువన మాత్రం బల్లపరుపు.

“కిందన ఏటీ లేదే,” అన్నాడు.

“కింద ఉండడానికి నువ్వు చోటివ్వలేదు. స్పీకరు ముందుకూ వెనక్కూ కదలాలంటే తరంగం సున్నాకు పైకీ కిందికీ పోవాలి.”

పెట్టె లోపలి తీగలు చూశాను. ఈ సర్క్యూట్‌కు మూడు తీగల సరఫరా కావాలి: ప్లస్ పన్నెండు వోల్టులు, గ్రౌండు అనే సున్నా, మైనస్ పన్నెండు. అతను రెండు తీగల అడాప్టరు వాడి, సున్నా తీగనూ మైనస్ తీగనూ కలిపి టంకం పెట్టేశాడు.

“ఈ రెండూ ఎందుకు కలిపావు?”

“మైనస్సూ గ్రౌండూ ఒకటే కదా. మైనస్ అంటే లారీ బాడీయే. ఇన్నేళ్లు లారీలు కట్టినోడికి మీరు చెప్తారేటి?”

“లారీలో ఒకటే. ఇందులో సున్నాకు కింద కూడా వోల్టేజి ఉండాలి.”

“సున్నాకి కిందనేటుంటాది?”

“కశ్మీర్‌లో మైనస్ పది అని టీవీలో చెప్పరూ?”

తన అడాప్టరును చేతిలోకి తీసుకున్నాడు. “అచ్ఛా. అయితే నా అడాప్టర్లో కశ్మీర్ లేదన్నమాట.”

నా దగ్గర 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు ఉంది. దాని నడిమి తీగే సున్నా. టంకం విడదీసి, ఏసీని డీసీ చేసే సర్క్యూట్ ద్వారా దాన్ని తాత్కాలికంగా కలపగానే తరంగం నిండుగా వచ్చింది. అయితే ఇది ఇంటి కరెంటు మీద కాదు, జనరేటరు మీద నడవాలి. డ్రమ్ము గట్టిగా మోగినప్పుడల్లా ఆంప్లిఫయరు కరెంటు లాగేస్తుంది, జనరేటరు వోల్టేజి కుంగుతుంది. అందుకని వేరియాక్ తీసుకున్నాను. వోల్టేజిని కావలసినంత తగ్గించి పరీక్షించుకునే ట్రాన్స్‌ఫార్మరు అది. మామూలు రెండొందల ముప్పై నుంచి నూట ఎనభై వోల్టులకు దించగానే స్వరం జారి వణికింది. 15-0-15 అయితే, జనరేటరు కుంగినా పన్నెండుకు సరిపడా మిగులుతుంది కాబట్టి తట్టుకుంటుంది. అది నా దగ్గర లేదు. కొరియరులో వచ్చేసరికి నిమజ్జనం అయిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే దుకాణానికి ఫోను చేస్తే, ఊళ్లోని ఆంప్లిఫయర్లన్నీ రిపేరుకు వచ్చి తమ బల్ల మీదే ఉన్నాయనీ, పండుగ తర్వాత రమ్మనీ అన్నారు.

ఫోను పెట్టేశాను. సింహాచలం మాత్రం అరలవైపు చూస్తున్నాడు.

“ఉత్త పదిహేనువి ఉన్నాయా, మధ్య తీగ లేనివి?”

“రెండున్నాయి.”

“లారీలో ఇరవై నాలుగు కావాలంటే రెండు పన్నెండు బ్యాటరీలు వరసగా కడతాం కదా. మధ్యన జాయింటు ఉంటాది. ఆ జాయింటే మీ సున్నా అవదా?”

అవుతుంది. కొరియరు గురించీ, చుట్టే దుకాణం గురించీ ఆలోచిస్తున్న నాకు అది తట్టలేదు. రెండింటినీ వరసగా కలిపి, చివరల మధ్య వోల్టేజి కొలిచాను. ఒకటి తిరగబడితే కొలత సున్నాకు దగ్గరగా వస్తుంది. మాకు ముప్పై పైచిలుకు వచ్చింది. ఏసీని డీసీ చేసే రెక్టిఫయరూ, దాన్ని సమం చేసే కెపాసిటర్లూ పెట్టి, తర్వాత వోల్టేజిని పన్నెండు దగ్గర నిలిపే రెగ్యులేటర్లు రెండు బిగించాం: ప్లస్‌కు ఒకటి, మైనస్‌కు ఒకటి. రెండోదాన్ని రేకు పెట్టెకు బిగించబోతూ ఆగాడు.

“దీని వీపు బాడీకి తగలొచ్చా?”

“తగలకూడదు. ఆ వీపు మైనస్ వైపుది, పెట్టె సున్నాకు కలిసినది. కరెంటు దాటకుండా కింద అభ్రకం ముక్క పెట్టు.”

మళ్లీ నూట ఎనభైకి దించాం. స్వరం కదలలేదు.

నిమజ్జనం రోజు దుకాణం త్వరగా కట్టేసి రోడ్డు పక్కన నిలబడ్డాను. లారీ దగ్గరయ్యేకొద్దీ డ్రమ్ము దెబ్బకు బల్బులు మసకబారడం కనిపిస్తోంది. సింహాచలం ఒక స్వరాన్ని పైన పట్టుకుని, మెల్లగా కిందికి, ఇంకా కిందికి దించాడు. ఎక్కడా వణుకు లేదు. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. ముందు నిలబడ్డ సాహూ వెనక్కి తిరిగి అతనివైపు చూశాడు. ఆ చూపుకు అర్థం మర్నాడు సింహాచలమే వచ్చి చెప్పాడు: “‘భాయ్, ఆ కిందికి దిగేది చౌక్ దగ్గర మళ్లీ వాయించు’ అన్నాడు అన్నయ్యా. తఖత్‌పూర్ ఊసే లేదు. దుర్గా పూజక్కూడా రమ్మన్నాడు.”

మైనస్ గురించి సింహాచలం చెప్పిన మాట తప్పు కాదు. లారీలో అది నూటికి నూరుపాళ్లు ఒప్పు. అతన్ని పొరబాటులోకి నెట్టిన లారీ పనే పరిష్కారం కూడా చూపింది. అప్పటినుంచి ఎవరైనా విడిభాగం అడిగి, ఆ మాట నా లెక్కకు కుదరకపోతే, సరిదిద్దడానికి తొందరపడను. “మీరు చేసే పనిలో దీన్ని దేనికి వాడతారు?” అని అడుగుతాను. మనుషులు కుర్చీ లాక్కుని కూర్చుని చెబుతారు. నేను వింటాను.