గంగాబాయి తవ్విన కందకాలు

ఎండాకాలం ఉపాధి పని మొదలైందంటే దేవరుప్పుల అవతలి తండాలో గంగాబాయిని పట్టలేం. అరవై దాటినా అందరికంటే ముందు గడ్డపార భుజాన వేసుకుని గుట్టెక్కుతుంది.

జాబ్‌కార్డు మీద ఆమె పేరూ, ఇద్దరు కోడళ్ల పేర్లూ ఉన్నాయి. పెద్దకోడలు మంజులకు జ్వరమొస్తే మంజుల పేరున, చిన్నకోడలు ఉమ పుట్టింటికి పోతే ఉమ పేరున గంగాబాయే తవ్వేది. తన పేరున రాయించుకునే పనే పడలేదు. తండాలో దాన్నెవరూ మోసమనుకోరు. పనిరోజులు మనిషికి కాక ఇంటికి లెక్కగట్టి ఇచ్చినప్పుడు ఇంట్లో ఎవరొస్తేనేం?

ఈసారి ఉమకు ఎనిమిదో నెల. ఎప్పటిలాగే ఆమె బదులు గంగాబాయి వచ్చింది. కూలీల హాజరు వేసే మేటు మంజులే. ఈ ఏడు కొత్తగా పెట్టిన హాజరుకు అత్త ముఖం ఫోటో తీస్తే, అది ఉమ ముఖం కాదని ఫోన్ ఒప్పుకోలేదు. పేరు రాయించుకుని పని ఎగ్గొట్టేవాళ్ల కోసం ఢిల్లీలో వేసిన ప్లాను అది. మంచిదే. పని చేసి పేరు రాయించుకోని మనిషి కూడా ఉంటుందని అక్కడెవరికీ తట్టలేదు. నాకు మండేది అందుకే.

నిండుచూలాలిని ఎండలో గుట్టెక్కించడానికి మంజులకు మనసొప్పలేదు. గుట్ట మీదే ఉన్న ఫీల్డ్ అసిస్టెంట్ ఐలేశ్ దగ్గరికి ఉరికింది.

“అన్నా, ఉమ పేరు వద్దు. మా అత్తను సొంత పేరు మీదనే ఎక్కియ్యి. కార్డుల ఉన్నది గద.”

ఐలేశ్ ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు వెతికాడు. “కాయితం మీదనే ఉన్నదక్కా. ఈ ఫోన్ల తీసేసిండ్రు. ఏండ్ల సంది ఒక్కనాడు గుడ పనికి రాలేదట.”

“ఎవరు రాలే?” పక్క కందకంలోంచి అడిగింది గంగాబాయి.

“నువ్వే అవ్వా.”

ఆమె పైకొచ్చి గుట్ట పొడుగునా ఉన్న వాననీటి కందకాలవైపు చేయి చాపింది. “గది మంజులకు జరమొచ్చినప్పుడు తవ్విన. గిది ఉమ పెండ్లయిన ఏడు. మరి నేను రాకుంటే గివన్నీ ఎవరు తవ్విండ్రు?”

మంజుల మోకాలి మీద కాగితం పెట్టి, అత్త పేరు మళ్లీ ఎక్కించమని దరఖాస్తు రాసింది, అత్తతో వేలిముద్ర వేయించింది.

“తారీఖేసి రసీదియ్యన్నా.”

“రసీదు ఎవరడుగుతరక్కా?”

“నేనడుగుతున్న.”

రాసిచ్చాడు. “పేరు మళ్ల ఎక్కేదాక పనికి రావద్దవ్వా. వచ్చినా హాజరు పడది.”

“సగం తవ్వి ఇడ్సిపెడితే తొలివానకే కూలుతది బిడ్డా,” అని గంగాబాయి మళ్లీ కందకంలోకి దిగింది. మంజుల వద్దంటున్నా వినకుండా అందరూ పని దిగేదాకా తవ్వింది.